ఆయన మెనూలోంచి ఒక్కొక్కటీ

నేను చేరేనాటికి ఆ కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో కంప్యూటర్లు రెండే ఉండేవి. రిజిస్టర్లు మాత్రం గది నిండా ఉండేవి. గుంటూరు దాటి చిలకలూరిపేట వైపు వెళ్తుంటే పత్తి చేల మధ్యలో కిటికీలు లేని ఎత్తైన గోడలు కనిపిస్తాయి. అలాంటి వాటిలో ఒకటి మాది. కోతలయ్యాక రైతులు ఎండుమిర్చిని టిక్కీల్లో తొక్కి తెస్తారు. టిక్కీ అంటే కాయ నింపి కుట్టిన పెద్ద గోతం. ఒక రైతు ఒకసారి తెచ్చిన టిక్కీలన్నీ కలిపి ఒక లాట్. మంచి ధర వచ్చేదాకా అవి మా ఛాంబర్లలో చల్లగా ఉంటాయి. ఎవరి టిక్కీలు ఏ ఛాంబర్లో, ఏ అంతస్తులో, ఏ అరలో ఉన్నాయో రాసిపెట్టడం, అడిగిన రోజున తీసి ఇప్పించడం ఆఫీసు పని. ఇరవై ఆరేళ్లుగా ఆ పని ఒక్కాయనే చేస్తున్నారు.

ఆయనకి యాభై ఆరేళ్లుంటాయి. ఊరు పెదనందిపాడు దగ్గర పల్లె. ఆ గోడలు కట్టేటప్పుడు వాళ్ల నాన్న అక్కడే ఇటుకలు మోశాడట. ఈయన ఇంటర్ చదివి, అవే గోడల మధ్య గుమస్తాగా చేరారు. ఆదివారం వాళ్ల ఊరి చర్చిలో వాక్యం చదివేది ఆయనే. ఆ గొంతు అలాంటిది. కింద నిలబడి "ఒరేయ్, మూడో అరలో ఎడమ పక్క చూడండ్రా" అని కేకేస్తే నాలుగో అంతస్తులో ఉన్న హమాలీలకి వినపడేది. నాతో మాట్లాడేటప్పుడు మాత్రం ఆ గొంతు సగం తగ్గించేవారు. కంప్యూటర్ గదిలోకి వస్తూ చెప్పులు బయట విడిచేవారు. అక్కర్లేదని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. అందరూ ఆయన్ని పెద్ద గుమస్తా గారు అనేవాళ్లు. నేను బాబాయ్ గారూ అనేదాన్ని. ఆయన నన్ను అమ్మాయ్ అని పిలిచేవారు.

నాకప్పుడు ఇరవై ఆరు. ఎంసీయే చేసి, గుంటూరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో రెండేళ్లు పనిచేసి, అది మూతపడ్డాక ఇక్కడికి వచ్చాను. రిజిస్టర్లన్నీ తీసేసి మొత్తం కంప్యూటర్‌లోకి ఎక్కించాలని యజమాని సంకల్పం. మేమందరం ఆయన్ని సార్ అనేవాళ్లం. వయసు నలభై లోపే. తండ్రి మంచాన పడ్డాక వ్యాపారం చేతికి తీసుకున్నారు. నేను పనిచేసినన్నాళ్లూ ఆయన గొంతు పెంచగా వినలేదు. డ్రైవరుతో కూడా అండీ అనే మాట్లాడేవారు.

సాఫ్ట్‌వేర్ రాయడానికి నేనొక్కదాన్నే. సర్వర్ అంటే నా బల్ల కింద ఉండే నల్ల పెట్టె. ఎవరు ఏ కంప్యూటర్ ముందు కూర్చుని లాగిన్ అయినా, చూడాల్సిన పేజీ ఆ పెట్టెలోనే తయారై వాళ్ల తెర మీదికి వెళ్లేది. పేజీకి ఎడమ పక్కన మెనూ. ఆ మెనూ ఎలా ఉండాలో తెలుసుకోవడానికి మూడు నెలలు పెద్ద గుమస్తా గారి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

కాయ గురించి నాకేమీ తెలియదు. ఆయన గుప్పెడు కాయలు తీసి నా చెవి దగ్గర ఊపేవారు. "గింజ గలగలమంటోందా? అయితే ఎండినట్టు. మెత్తగా ఉంటే ఛాంబర్లోకి పంపకూడదు, పక్కవాళ్ల సరుకు కూడా చెడగొడుతుంది." అది తేమ పరీక్ష. దానికొక పేజీ. గేటు దగ్గర లారీ ఆగడం ఒక పేజీ. కాటా ఒక పేజీ. నేను మెనూలో ఇన్‌వర్డ్, అవుట్‌వర్డ్ అని పెట్టి చూపిస్తే ఆయన కళ్లజోడు పైకి తోసి చదివారు.

"ఇది ఎవరికోసం రాస్తున్నావ్ అమ్మాయ్?"

"మనకోసమేనండి."

"మనలో ఇన్‌వర్డ్ అనేవాడు ఎవడున్నాడు? సరుకు రాక అని పెట్టు."

"అయితే ఇది సరుకు పోకా?"

"పోక అంటే రైతు జడుసుకుంటాడు. విడుదల అని పెట్టు."

అలా పద్నాలుగు లింకులు తయారయ్యాయి. వాటి పేర్లు ఆయనవే, వరస కూడా ఆయనదే. పొద్దున గేటు తీసిన దగ్గర్నుంచి సాయంత్రం తాళం వేసేదాకా పని ఏ వరసలో నడుస్తుందో మెనూ ఆ వరసలో ఉండేది. నేను సొంతంగా కలిపింది రెండే, పాస్‌వర్డ్ మార్పు, లాగౌట్.

నెల తిరిగేసరికి ఆయన మౌస్ బాగానే పట్టేశారు. కానీ రిజిస్టర్ మనిషి కదా, ప్రతి పేజీ తెరిచినప్పుడు పైన కనిపించే అడ్రసును ఒక చిన్న నోటు పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాలతో ఓపిగ్గా రాసుకునేవారు. నేను నవ్వి, "అవన్నీ ఎందుకండీ, మెనూలో నొక్కితే సరిపోతుంది కదా" అన్నాను. "ఉండనీలే, ఎక్కడుందో తెలిస్తే మంచిదే" అన్నారు.

మెనూ వెనక ఒక పట్టిక పెట్టాను. ఏ మనిషికి ఏ లింకు కనపడాలో అందులో ఉంటుంది. కాటా మనిషికి కాటా చాలు. సార్‌కి అన్నీ. లాగిన్ అవగానే సర్వర్ ఆ పట్టిక చూసి, ఆ మనిషికి ఎంత ఉందో అంతే మెనూ కట్టి పంపుతుంది. పట్టికలోంచి ఒక గీత తీసేస్తే ఆ లింకు ఆ మనిషి తెర మీదికి అసలు రాదు. దాచిపెట్టినట్టు జాడ కూడా ఉండదు. ఇది చాలా శుభ్రమైన పద్ధతి అని సార్‌కి గర్వంగా వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

రెండో ఏడు వేసవిలో రెండో ఛాంబర్ కంప్రెసర్ పాడైంది. మనుషులు వచ్చి బాగుచేసేసరికి రెండు రోజులు పట్టింది. లోపల వేడెక్కింది. కింది అరల్లో టిక్కీలకి చెమ్మ పట్టింది. తర్వాత వాటిని విడుదల చేసే రోజున ఇంకొల్లు నుంచి వచ్చిన ఒక రైతు గోతం కోసి చూస్తే కాయ రంగు పోయి ఉంది. ఆయన అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

ఆ సాయంత్రం సార్ పెద్ద గుమస్తా గారిని పిలిచారు. నేనూ ఆ గదిలోనే ఉన్నాను, ప్రింటర్ సరిచేస్తూ.

"తేమ పరీక్షలో ఆ లాట్లన్నిటికీ 'వచ్చేటప్పటికే మెత్తగా ఉంది' అని మార్చండి" అన్నారు సార్.

"అలా లేవండీ బాబూ. వచ్చిన రోజు నేనే చెయ్యి పెట్టి చూశాను. గలగలమన్నాయి."

"నాకు తెలుసండి. మార్చమంటున్నాను."

"రైతుకిచ్చిన తేమ చీటీ కింద నా సంతకం ఉంటుంది బాబూ. రైతు నా సంతకం చూసి సరుకు పెట్టాడు. నేను మార్చలేను."

సార్ తల ఊపారు. "సరేలెండి. మీ ఇష్టం. టీ తాగి వెళ్లండి" అన్నారు. టీ తెప్పించారు కూడా.

మూడు రోజుల తర్వాత సార్ నన్ను పిలిచి తలుపు వెయ్యమన్నారు.

"పెద్దాయన్ని నేను తీసెయ్యలేనమ్మా. పర్చూరు, ఇంకొల్లు వైపు సగం మంది ఆయన మొహం చూసే సరుకు తెస్తారు. నేను తీసేస్తే ఎందుకు తీసేశావని అడుగుతారు. ఆయనే మానేస్తే ఎవరూ ఏమీ అడగరు."

"నేనేం చెయ్యాలండి?"

"నీ మెనూ ఉంది కదా. ఎవరికి ఏం కనపడాలో పట్టికలో ఉంటుందన్నావు. ఆయనకి ఒక్కొక్కటీ తగ్గించుకుంటూ రా. వారానికొకటి చాలు. ఒక్కసారిగా వద్దు."

"ఆయన అడిగితేనండి?"

"సర్వర్ అని చెప్పు. అందరూ అదే కదా చెప్తారు."

ఉద్యోగం పోతుందని భయపడ్డానని రాసుకోవచ్చు. కొంత భయపడిన మాట నిజమే. కానీ ఆ గదిలో నిలబడి ఉండగా నాకు ముందుగా తట్టింది భయం కాదు. అది ఎంత తేలికైన పనో అన్నదే తట్టింది. కోడ్ ముట్టుకోనక్కర్లేదు, పట్టికలో ఒక గీత చెరిపితే చాలు. సరేనండి అని బయటికొచ్చి, టిఫిన్ డబ్బా విప్పే లోపే మొదటిది చెరిపేశాను.

మొదట ఛాంబర్ ఉష్ణోగ్రత. మర్నాడు పొద్దున ఆయన చెప్పులు విడిచి లోపలికొచ్చారు.

"అమ్మాయ్, నా దాంట్లో ఉష్ణోగ్రత కనపడట్లేదు."

"సర్వర్లో ఏదో అప్‌డేట్ నడుస్తోందండి. వచ్చేస్తుంది."

ఆయన వంగి బల్ల కింద నల్ల పెట్టెని చూశారు. "కిటికీలోంచి ఎండ పడుతోంది దీని మీద. వేడెక్కుతోందేమో చూడు" అని, వెళ్లి ఒక అట్టముక్క తెచ్చి ఎండకి అడ్డం పెట్టారు. ఆ రోజంతా ఛాంబర్ల దగ్గరికి తనే నడిచి వెళ్లి, గోడ మీద థర్మామీటర్ చూసి, కాగితం మీద రాసుకొచ్చారు. ఆ కాగితం ఎవరికీ అక్కర్లేదు. అప్పటికే ఆ లింకు పక్క బల్ల దగ్గర కొత్తగా చేరిన క్లర్కుకి ఇచ్చేశాం.

రెండో వారం అర మార్పు తీసేశాను. మూడో వారం రైతు వివరాలు. ప్రతి సోమవారం ఆయన వచ్చి అడిగేవారు, నేను సర్వర్ అనేదాన్ని. నాలుగో వారం ఆయన అడగడానికి రాలేదు. మంగళవారం సెలవు పెట్టి గుంటూరు వెళ్లారు. బుధవారం కొత్త కళ్లజోడుతో వచ్చారు. తెర ముందు కూర్చుని, మెనూ మీద వేలు పెట్టి పై నుంచి కింది దాకా ఒక్కొక్క మాటా చదువుకున్నారు. మళ్లీ మొదటి నుంచి చదివారు. లింకులు పోవడం లేదనీ, తన కళ్లకే ఆనడం లేదనీ అనుకున్నారట. కొత్త క్లర్కుతో అలా చెబుతుంటే విన్నాను.

కాసేపటికి ఆయన నా వైపు చూశారు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "అద్దాలు బాగున్నాయండి బాబాయ్ గారూ" అన్నాను.

"బాగానే ఉన్నాయమ్మా" అన్నారు.

ఎనిమిదో వారానికి ఒక చిన్న చిక్కు వచ్చింది. మెనూలో 'సరుకు' అని ఒక తలకట్టు ఉండేది. దాన్ని నొక్కితే కింద నాలుగు లింకులు తెరుచుకునేవి. నాలుగూ తీసేసినా తలకట్టు అలాగే ఉండిపోయింది. ఖాళీ తలకట్టు ఎలా ఉండాలో నేను మొదట్లో ఆలోచించలేదు, అలాంటి మనిషి ఒకరుంటారని అనుకోలేదు కనుక. ఆయన దాన్ని నొక్కుతూనే ఉన్నారు. మా బల్లల మధ్య ఐదడుగుల దూరం. మౌస్ టిక్కు టిక్కుమనడం వినిపిస్తోంది. నొక్కి, ఆగి, మళ్లీ నొక్కుతున్నారు. ఆ చప్పుడు భరించలేక, కింద ఏమీ లేకపోతే తలకట్టు కూడా రాకుండా కోడ్ మార్చాను. రెండు లైన్ల పని. పేజీ మారగానే చప్పుడు ఆగింది.

హమాలీలకి ముందుగా అర్థమైంది. చీటీల కోసం అలవాటు కొద్దీ ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. ఆయన పక్క బల్ల చూపించేవారు. హమాలీల ముఠా మేస్త్రి ఒకరోజు ఆయన బల్ల ముందు నిలబడి, మా అందరికీ వినపడేలా, "ఏంది పెద్దయ్యా, కుర్చీ ఒక్కటే మిగిల్చారా నీకు?" అన్నాడు. హమాలీలు నవ్వారు. ఆయన్ని చూసి కాదు, అలాంటి మాటకి నవ్వడం అలవాటు కనక నవ్వారు. ఆయన కూడా కొంచెం నవ్వారు.

ఆ తర్వాత జరిగింది నేను సార్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు రికార్డులు చూస్తుంటే ఆయన లాగిన్ మీద విడుదల చీటీలు కనపడ్డాయి. ఆ లింకు తీసేసి అప్పటికి తొమ్మిది రోజులైంది. మొదట నా లెక్క తప్పిందనుకున్నాను. తర్వాత తల తిప్పి చూశాను. ఆయన ఒళ్లో ఆ చిన్న నోటు పుస్తకం తెరిచి ఉంది. అందులో చూస్తూ, పేజీ అడ్రసును పైన ఒక్కొక్క అక్షరం టైపు చేస్తున్నారు. మెనూలో లేకపోయినా పేజీ ఎక్కడుందో ఆయనకి తెలుసు. కొత్త క్లర్కు చీటీలు రాయలేక గేటు దగ్గర లారీలు ఆగిపోతుంటే, ఎవరికీ చెప్పకుండా ఆయనే కొన్ని రాసి పంపించేస్తున్నారు. ఒక్క తప్పు లేదు వాటిలో.

దారి బోర్డు పీకేసినంత మాత్రాన తలుపు మూసినట్టు కాదు. మెనూలోంచి లింకు తీసేస్తే సరిపోదు, పేజీ దగ్గర కూడా సర్వర్ మనిషిని ఆపి అడగాలి. ఈ వృత్తిలో మొదట నేర్చుకునే పాఠం అది. నేను ఆ పని మర్చిపోయాను. సిగ్గేసింది. నా సిగ్గంతా నా కోడ్‌లో ఉన్న తప్పు గురించే.

అప్పటికి సార్‌కి ఈ సంగతి తెలియదు. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. చూడనట్టు ఊరుకుంటే ఆయన ఇంకొన్నాళ్లు అలా పనిచేసుకునేవారు. నేను మధ్యాహ్నం కూర్చుని పద్నాలుగు పేజీలకీ తాళం వేశాను. అనుమతి లేని మనిషి వస్తే ఏం చూపించాలో ఒక వాక్యం రాయాలి. మర్యాదగా ఉండాలని బాగా ఆలోచించి, "క్షమించండి, ఈ పేజీ చూడటానికి మీకు అనుమతి లేదండి" అని రాశాను.

సాయంత్రం నాలుగున్నరకి ఆయన నోటు పుస్తకం చూసి అడ్రస్ టైపు చేశారు. ఆ వాక్యం వచ్చింది. ఆయన దాన్ని పెదవులు కదుపుతూ చదివారు. ఇంకో అడ్రస్ టైపు చేశారు. మళ్లీ అదే వాక్యం. అలా పుస్తకంలో ఉన్నవాటిలో మెనూలోంచి పోయినవన్నీ వరసగా చూశారు. దాదాపు అరగంట పట్టింది. తర్వాత పుస్తకం మూసి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

నేను వెళ్లి సార్‌కి చెప్పాను. "మంచి పని చేశావమ్మా. నేనైతే కనిపెట్టలేకపోయేవాణ్ణి" అన్నారు. ఆ మాటకి నేను ఇంటికి వెళ్లేదాకా సంతోషంగానే ఉన్నాను.

చివరికి ఆయన మెనూలో రెండే మిగిలాయి, పాస్‌వర్డ్ మార్పు, లాగౌట్. మూడు వారాలకు పైగా ఆయన ఆ రెండిటి ముందు కూర్చున్నారు. పది గంటలకి వచ్చి లాగిన్ అయ్యేవారు. ఆరింటికి లాగౌట్ అయ్యేవారు. మధ్యలో తెర మీద దుమ్ము తుడిచేవారు. ఎవరైనా రైతు లోపలికొస్తే లేచి నిలబడి, ఆ క్లర్కుని చూపించి, మళ్లీ కూర్చునేవారు. విసిగిపోయి ఒకసారి పాస్‌వర్డ్ కూడా మార్చుకున్నారని రికార్డులో చూశాను. ఆయన చెయ్యగలిగిన పని అదొక్కటే కదా.

ఒక మధ్యాహ్నం కాటా పక్కన రేకుల షెడ్డులో నేను అన్నం తింటుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"అమ్మాయ్, సర్వర్ కాదు కదా."

నేను డబ్బా మూత వెతుక్కున్నాను. "అంటే అండీ?"

"నువ్వేం చెప్పక్కర్లేదులే. నీకు ఉద్యోగం కావాలి, నాకు తెలుసు. ఒక్కటే అడుగుతా. నా వల్ల ఏదన్నా తప్పు జరిగిందా? ఎవరిదన్నా లాట్ తారుమారు చేశానా? ఈ మధ్య కళ్లు కూడా సరిగ్గా లేవు. నాకు తెలియకుండా ఏమన్నా చేశానేమోనని పొద్దస్తమానం అదే ఆలోచన. ఉంటే చెప్పు, దిద్దుకుంటాను."

కంప్రెసర్ సంగతి ఆయనకి తట్టనే లేదు. తేమ రికార్డు మార్చనన్నందుకు ఒక మనిషి ఇంత చేస్తాడని ఆయన ఊహకి అందలేదు. తప్పు తనదే అయి ఉంటుందని వెతుక్కుంటున్నారు. లేదండీ, మీ తప్పేమీ లేదు. ఆ ఒక్క మాట అంటే చాలు. అది అనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

"నాకేం తెలియదండి. సార్‌ని అడగండి" అన్నాను.

ఆయన "అన్నం తిను అమ్మా" అని లేచి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రమే సార్‌ని అడిగారట. సార్ నవ్వి, "తప్పేముందండీ, మీరు మాకు పెద్దవారు. ఇక విశ్రాంతి తీసుకోండి అని మా ఉద్దేశం" అన్నారట. మర్నాడు ఆయన తెల్లకాగితం మీద, రిజిస్టర్లలో రాసినట్టే గుండ్రటి అక్షరాలతో, ఆరోగ్య కారణాల వల్ల మానేస్తున్నానని రాసిచ్చారు. ఏ కారణం రాయాలో సారే చెప్పారు.

శుక్రవారం చిన్న సభ పెట్టారు. పర్చూరు నుంచి కొందరు రైతుల్ని పిలిచారు. సార్ ఆయనకి శాలువా కప్పి, ఈ గోడలకి పునాది ఈయన కుటుంబమేనని మాట్లాడారు. అందరం చప్పట్లు కొట్టాం. ఫోటో తీసింది నేనే. ఫోటోలో ఆయన శాలువా జారిపోకుండా రెండు చేతులతో పట్టుకుని ఉంటారు. చిన్నప్పుడు బడిలో బహుమతి ఇచ్చినప్పుడు పిల్లలు ఎలా నిలబడతారో అలా.

తర్వాతి నెల సార్ నాతో, "ఇలాంటివి ప్రతిసారీ నీకు చెప్పడం ఎందుకమ్మా, నేనే చేసుకునేలా ఏమైనా ఉందా?" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. నా చేత్తో చెరిపే బాధ తప్పుతుంది కదా అనుకున్నాను. వారం రోజులు కూర్చుని ఒక పేజీ చేశాను. ఎడమ పక్క మనుషులు, కుడి పక్క లింకులు, ఒక్కొక్క లింకు పక్కన టిక్కు పెట్టే చిన్న గడి. టిక్కు తీసేసి సేవ్ నొక్కితే చాలు. నేను చేసిన వాటన్నిట్లోకీ అదే చక్కటి పేజీ, ఫోన్‌లో కూడా బాగా తెరుచుకుంటుంది. సార్ దాన్ని మొదట కాటా మనిషి మీద వాడారు. అతను రెండు వారాలే ఉన్నాడు. రెండోసారి ఎవరి మీద వాడారో నేను కనుక్కోలేదు.

దసరా దాటాక ధర పెరిగింది. రైతులు ఒకేసారి సరుకు కోసం వచ్చిపడ్డారు. పాత ఏళ్ల లాట్లు కొన్ని రిజిస్టర్ నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కినప్పుడే తప్పు అరలతో ఎక్కాయి. అవి ఎక్కడున్నాయో పెద్ద గుమస్తా గారికి తప్ప ఎవరికీ తెలియదు. ఆయన వాటిని తలలో పెట్టుకుని నెట్టుకొచ్చారు. చీటీలో ఉన్న చోట టిక్కీలు లేకపోయేసరికి క్లర్కు చేతులెత్తేశాడు.

"నీ మాటంటే ఆయనకి గురి. ఫోన్ చేసి కనుక్కో" అన్నారు సార్.

చేశాను. ఆయన రెండో రింగుకే ఎత్తారు. ఎవరి లాటో చెప్పగానే, "మూడో ఛాంబర్, రెండో అంతస్తు, మెట్లకి కుడి పక్క చివర" అన్నారు. అక్కడే ఉన్నాయి. మర్నాడు మళ్లీ చేశాను. ఆ నెలలో చాలాసార్లు చేశాను. ప్రతిసారీ చెప్పారు. ఎలా ఉన్నారని నేను ఒక్కసారైనా అడగలేదు. అడిగితే ఆయన జవాబు చెబుతారని భయం.

పత్తి తీతల రోజుల్లో ఒక సాయంత్రం, ఒక రైతు టిక్కీలు దొరక్క ఫోన్ చేస్తే ఒకావిడ ఎత్తారు. ఆయన భార్య అని గొంతు వినగానే తెలిసింది, ఎప్పుడూ మాట్లాడకపోయినా.

"కంప్యూటరమ్మాయివా?"

"అవునండి. బాబాయ్ గారు ఉన్నారా?"

"ఉన్నారు. ఇక్కడే మంచం మీద కూచున్నారు. ఫోన్ ఇవ్వమని చెయ్యి చాపుతున్నారు. నేను ఇవ్వను."

వెనక ఆయన గొంతు, తగ్గించిన గొంతు, వినిపిస్తోంది. ఇవ్వవే, పాపం రైతు ఎదురుచూస్తుంటాడు, అంటున్నారు.

ఆవిడ అరవలేదు. "నేను పత్తి తీతకెళ్లి ఇప్పుడే వచ్చానమ్మా, ఒళ్లు పులిసిపోయింది, ఎక్కువ మాట్లాడలేను. మీ నాన్నగారు ఏం చేస్తారు?"

"చీరాలలో బట్టల షాపులో గుమస్తా అండి."

"ఎన్నేళ్ల నుంచి?"

"ఇరవై రెండేళ్లండి."

"అయితే తెలిసే చేశావన్నమాట" అని ఆవిడ ఫోన్ పెట్టేశారు.

నేను ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. సార్ గదిలోంచి తల బయటికి పెట్టి, "ఏమన్నారమ్మా?" అని అడిగారు.

"ఎత్తలేదండి."

"రేపు మళ్లీ చెయ్యి" అన్నారు.

మర్నాడు పొద్దున చేశాను. అటు రింగు పూర్తిగా మోగి ఆగిపోయింది. ఇంకోసారి చేశాను, అప్పుడూ అంతే. ఆ టిక్కీల కోసం హమాలీలు రెండు రోజులు అన్ని అరలూ వెతికారు. ఆ రైతు గేటు దగ్గర లారీ కింద నీడలో పడుకుని ఉన్నాడు.